నాలుగో ఆత

మా పుట్టుపూర్వోత్తరాలు అడిగేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. "మీరేమిట్లమ్మా, ఏ కులం?" అని కాలేజీలో చేరిననాడు గుమాస్తా అడిగాడు. కామారెడ్డిలో అద్దెగది చూడబోతే ఇంటావిడ తాళంచెవి చేతిలో పట్టుకుని అదే అడిగింది. "కొయినోళ్లం" అంటే ఎవరికీ అర్థం కాదు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల మమ్మల్ని గుర్రాలోళ్లు అంటారు. మా పల్లెలో గుర్రాన్ని సాకిన మనిషి ఒక్కడూ ఇప్పుడు బతికి లేడు.

పదహారేళ్లుగా నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. ఎవరెవరి చరిత్రో చెబుతాను, నా చరిత్ర ఏ పాఠంలోనూ లేదు. అందుకే నేనే రాయడానికి కూర్చున్నాను. ఆ పని మొదలుపెట్టకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది, కానీ నాకు అనిపించినవన్నీ జరిగితే నేనిలా ఎందుకుంటాను.

ఎనిమిదేళ్ల కింద హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసర్ పక్క తండాకు లంబాడీ భాష మీద పనికి వచ్చాడు. తండాలోని దేవ్‌సింగ్ ఆయనతో, "సారూ, వాగవతలోళ్లు ఇండ్లల్ల ఏందో మాట్లాడుకుంటరు, మాకే సమజ్ కాదు" అన్నాడట. ఆయన మా పెద్దవ్వ దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఆమె మా నాన్నమ్మకు అక్క. నీళ్లను సు అంటామని, నిప్పును ఓత్ అంటామని, గొర్రెను కొయిన్ అంటామని, తండ్రినీ తాతనూ ఆత అంటామని ఆమె చెబుతుంటే ఆ పెద్దమనిషి కలం కింద పెట్టేశాడు. మీది తుర్కీ భాషల కుటుంబమమ్మా, ఇక్కడికెట్లా వచ్చారు అన్నాడు. నడిచొచ్చినం అంది పెద్దవ్వ.

మా వాళ్లు చెప్పుకునే కథ ఇది. ఇరాన్‌కు అవతల గడ్డి మైదానాల్లో మా వాళ్లు నల్లగొర్రె జెండా కింద బతికారు. ఆ జెండా ఓడిపోయింది. తలో దిక్కు చెదిరిపోతే మా ముత్తాతల ముత్తాతలు గోల్కొండ దాకా వచ్చారు. ఆ రాజులదీ అదే జెండా, అదే మూలం కాబట్టి అరవై మూడు ఇళ్లవాళ్లకు ఈ అడవి అంచు ఇచ్చి గుర్రాలనూ గొర్రెలనూ మేపమన్నారు. గోల్కొండ పడిపోయాక మా వాళ్లు పేర్లు మార్చుకుని, బట్టలు మార్చుకుని, మల్లన్నకు మొక్కి, పోచమ్మకు బోనం ఎత్తి, మట్టిలో మట్టిలా కలిసిపోయారు. మూడింటిని మాత్రం వదల్లేదు. కొన్ని మాటలు, గొర్రె చెవి మీద గాట్లు, ఏడుగురు ఆతలు.

ఏడుగురు ఆతలంటే తండ్రి నుంచి వెనక్కి ఏడు తరాల పేర్లు. మాలో పెళ్లి కుదరాలంటే పిల్లవైపు ఏడుగురిలోనూ, పిల్లవాడివైపు ఏడుగురిలోనూ ఒక్క పేరు కూడా కలవకూడదు. పెళ్లికి నాలుగు రోజుల ముందు పొద్దున, మందలు బయటికి తోలకముందే వాగు రాళ్లు ఏడూ ఏడూ రెండు వరసలు పెడతారు. పేర్లు తెలిసిన మనిషి నాలుక మీద ఉప్పు వేసుకుని వరసల మధ్య నడుస్తూ, ఒక్కో రాయి మీద మేకపాలు పోసి ఒక్కో పేరు చెప్పాలి. రెండు వైపులా ఒకే పేరు వస్తే ఎడమకాలితో ఆ రాళ్లను తన్నాలి. రాళ్లు పడ్డ పెళ్లి ఆగిపోతుంది. పేర్లు చెప్పే మనిషికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరి ఆతల గురించి ఎవరు అడిగినా దాచకూడదు, అబద్ధం ఆడకూడదు.

నా రాళ్లు పడ్డాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పిల్లవాడు లింగయ్య. చేనుగట్ల మీద నాలుగేళ్లు నవ్వుకున్నాం, మా అమ్మ చీరలు కూడా కొన్నది. పెద్దవ్వ ఐదో రాయి దగ్గర ఆగి, "బైరామయ్య" అంది నావైపు. అవతలివైపు వెళ్లి మళ్లీ "బైరామయ్య" అంది. ఆమె కాలెత్తి రాయిని తన్నిన చప్పుడు నాకింకా చెవిలో ఉంది. మరుసటేడు లింగయ్యకు భూదేవితో రాళ్లు పెట్టారు. ఆ రాళ్లు పడలేదు. నేను కామారెడ్డిలో గది తీసుకున్నాను, ఆ తర్వాత ఎవరినీ చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు రకరకాల జవాబులు చెప్పాను గానీ, అసలు సంగతి నాకు ఇంకెవరూ నచ్చలేదు.

అరవై మూడు ఇళ్లు ఇప్పుడు పదకొండు. రాళ్లు పెట్టకుండా బయటివాళ్లను చేసుకున్నవాళ్లు ఊరు దాటితే మళ్లీ రారు, రానివ్వరు. అయినా బయటివాళ్లు కూడా మమ్మల్ని చేసుకోవడానికి పడి చావడం లేదు. తండావాళ్లు పిల్లను ఇవ్వరు, రెడ్లూ కాపులూ గడపలోకి రానివ్వరు.

ఇప్పుడు మా చెల్లెలు అనిల పెళ్లి. దానికి ఇరవై నాలుగు. మా ఇద్దరికీ మధ్య పద్నాలుగేళ్ల తేడా, దాన్ని చంకనెత్తుకుని పెంచింది నేనే. పిల్లవాడు గంగమణి కొడుకు ప్రవీణ్, కామారెడ్డిలో బైకుల షోరూములో చేస్తాడు. మూడేళ్లు ఎల్లారెడ్డి బస్సులో పక్కపక్కన కూర్చుని, కండక్టరుకు కూడా తెలిశాక ఇంట్లో చెప్పారు. మాఘమాసంలో పెళ్లి. పల్లెలో ఆ వయసు పిల్ల ఇది ఒక్కతే, ఆ వయసు పిల్లవాడు అతనొక్కడే. పదకొండు ఇళ్లవాళ్లూ తమ ఇంట్లో పెళ్లి జరుగుతున్నట్టే గోడలకు సున్నం వేయించుకున్నారు.

నాకూ సంతోషంగానే ఉండేది, ఆశ్రిత కాళ్లు చూడనంత వరకు.

ఆశ్రిత భూదేవి పెద్ద కూతురు, పన్నెండేళ్లది. భూదేవి మీద నాకు కోపం ఉండాలని ఊరంతా అనుకునేది. మొదట్లో ఉండేది కూడా. తర్వాత ఆ పిల్ల ఆరేళ్లప్పుడు మెట్ల మీద తూలడం మొదలైంది. ఏడేళ్లకు నేలమీద నుంచి లేవాలంటే తొడల మీద చేతులు పెట్టుకుని ఎక్కాల్సి వచ్చేది. తొమ్మిదేళ్లకు కూర్చోబెట్టిన చోటే కూర్చునేది. లింగయ్య మేస్త్రీ పనికి మస్కట్ వెళ్లిపోతే భూదేవికి తోడు ఎవరూ లేక నేను హైదరాబాదు ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ కాగితాలు చూసి తల ఎత్తకుండానే, "మేనరికమా?" అని అడిగింది.

"కాదు మేడమ్," అంది భూదేవి. కొంచెం గర్వంగానే అంది. "మా దాంట్ల ఏడు తరాలు చూసి గని చెయ్యరు."

డాక్టరమ్మ నమ్మనట్టు నావైపు చూసింది. "నిజమే మేడమ్, నేను చరిత్ర టీచర్‌ని," అన్నాను నేను. మా చదువుకు మేమే మురిసిపోయాం. ఇది దగ్గరి రక్తంలో వచ్చే జబ్బు, కండలు కరిగిపోతాయి, మందు లేదు, మరి మీకెట్లా వచ్చిందో, అని ఆమె ఏదో రాసుకుంది. మా పల్లెలో అలా కూర్చునే పిల్లలు ముగ్గురయ్యారు. ముగ్గురూ ఈ పదహారేళ్లలో పుట్టినవాళ్లే. అంతకుముందు ఆ జబ్బు పేరు మా ముసలివాళ్లు కూడా వినలేదు. మందులు కొట్టిన తిండి తినడం వల్ల అన్నారు, గాలి అన్నారు, మైసమ్మకు కోడిని కోశారు.

నా పుస్తకంలో చెవి గాట్ల గురించి ఒక అధ్యాయం పెట్టుకున్నాను. మంద విడిపోయి వేరుపడ్డ ప్రతి ఆత తన గొర్రెల చెవి మీద తన గుర్తు కోసేవాడు, కొడుకులూ మనవలూ అదే గుర్తు కొనసాగించాలి. మా నాలుగో ఆత తెమురయ్య. ఆయన గుర్తు ఎడమ చెవి కింది అంచున రెండు గాట్లు. మా నాన్న చచ్చిపోయేదాకా మా గొర్రెలకు అవే కోశాడు. పెద్దవ్వ రాళ్ల దగ్గర చెప్పగా నేను రాసుకున్న లెక్కలో ప్రవీణ్ వాళ్ల నాలుగో ఆత అల్పరయ్య. అల్పరయ్య గుర్తు కుడి చెవి నడుమ రంధ్రం. గొర్రెలు మిగిలినవి నాలుగిళ్లలోనే కాబట్టి సంక్రాంతి సెలవులకు ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటూ ఆ నాలుగిళ్లకూ తిరిగాను.

గంగమణి దొడ్లో గొర్రెలకు సర్కారువాళ్లు వేసిన పసుపుపచ్చ బిళ్లలు వేలాడుతున్నాయి. ఒక ముసలి గొర్రెను పట్టుకుని కుడి చెవి తిప్పి చూశాను. రంధ్రం లేదు. ఎడమ చెవికి బిళ్ల ఉంది. బిళ్ల ఎత్తి చూస్తే దాని కింద రెండు గాట్లు. ఇంకో గొర్రెను చూశాను, రెండు గాట్లు. పిల్లలతో సహా పద్దెనిమిది గొర్రెలను చూశాను.

"ఈ గాట్లు ఎవరు పెట్టిండ్రు అత్తమ్మా?" అని అడిగాను. పెళ్లి కుదిరాక అందరం ఆమెను అత్తమ్మ అనే పిలుస్తున్నాం.

"మా మామ పెట్టేటోడు. ఆయన తాత కాలం నుంచి గవే," అంది గంగమణి, చేటలో బియ్యం చెరుగుతూ. "ఎందుకే, ఫోటోల మంచిగ రాలేదా?"

మంచిగా వచ్చిందన్నాను. బిళ్ల కింద గాట్లు కనబడేలా ఇంకో నాలుగు ఫోటోలు తీశాను. పేర్లు నోటితో చెప్పేవి, ఎవరైనా మార్చగలరు. గొర్రె చెవిని మార్చాలని ఎవరికీ తట్టలేదు. అల్పరయ్య అనే మాట అబద్ధం. ప్రవీణ్ నాలుగో ఆతా, అనిల నాలుగో ఆతా ఒక్కరే.

నేరుగా పెద్దవ్వ ఇంటికి వెళ్లాను. ఆమెకు ఎనభై దాటాయి, కళ్లు పొర కమ్మాయి, మాట సగం గొంతులోనే ఆగిపోతుంది. మంచం మీద కూర్చుని పొగాకు నలుపుతోంది. నేను ఫోటోలు చూపించలేదు, చూపించినా కనబడవు.

"ప్రవీణ్ నాలుగో ఆత ఎవరు పెద్దవ్వా?" అన్నాను.

ఆమె పొగాకు నలపడం ఆపింది. నా గొంతు వినబడ్డ దిక్కుకు తిరిగింది.

"అడిగితివా," అంది. "పదహారేండ్లాయె. ఒక్కరు అడగకపోతిరి. అడిగితే దాచొద్దు గదా, అందుకే ఎవ్వరు అడగకుండ చూస్కున్న. తెమురయ్యనే."

"మరి ఎందుకు మార్చినవ్?"

"ఇంకేం చెయ్యాలె బిడ్డా? పదకొండు ఇండ్లు. అందరు ఒక్క చెట్టు కొమ్మలే అయిరి. నిజం చెప్తే ఒక్క పెండ్లి గాదు. నా నాలిక మీదనే మన జాతి ఆరిపోతది."

"నా రాళ్లు మరి? నాకు బైరామయ్య అంటివి. అదన్న నిజమేనా?"

"నీదే ఆఖరి నిజం," అంది పెద్దవ్వ. "నా చెల్లె మనవరాలివని, నీ కడుపు సల్లగుండాలని నిజం చెప్పిన. అటెనుక నీ మొకం చూసిన. పండుగకొస్తివి, పోతివి. ఒక్కదానివే అన్నం పెట్టుకుని తింటివి. ఇంకొక పిల్లను అట్ల చెయ్యొద్దనుకున్న. లింగయ్య రాళ్లకాడికి వచ్చేసరికి నా కాలు లేవలే."

నాకు కోపం వచ్చిందా, ఏడుపు వచ్చిందా అంటే రెండూ వచ్చాయి. ఆమె మీద పడి ఏడవాలో, ఆ మంచం ఎత్తి బయట పారేయాలో తెలియలేదు. ఒక్కో పెళ్లి గురించీ అడిగాను, ఎవరికి ఏ ఆత కలిసిందో ఆమె దాచకుండా చెప్పింది. నా మీద జాలితో ఈమె ఐదు పెళ్లిళ్లు చేసింది. ఆ జాలికి ముగ్గురు పిల్లలు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆమెకు ఆ సంగతి తెలుసా అని అడిగాను. తెలుసు అంది. ఆశ్రిత పడిపోయిన ఏడే తెలిసిందట. "అప్పటికే చెప్పినవి చెప్పిన గదనే. పెండ్లయినంక చెప్తే ఏమైతది, సంసారాలు ఇరిగిపోతయి తప్ప," అంది.

"అనిల పెండ్లి గాలేదు. అనిల రాళ్లు ఇంక పెట్టలేదు," అన్నాను.

"అందుకే నా నోరు పలుకుత లేదని చెప్పి ఈసారి నిన్ను నిలవెడ్త. పేర్లన్ని నీ పుస్తకంల ఉన్నయి, నీకు నోటికొచ్చు. ఏం చెప్తవో నువ్వే చెప్పు. నా వల్ల గాదు బిడ్డా." ఆమె పొగాకు కింద పారబోసి గోడవైపు తిరిగి పడుకుంది.

అన్నట్టే ఆ సాయంత్రమే ఊరి పెద్దలకు కబురు చేసింది. వాళ్లు ఎగిరి గంతేశారు. చదువుకున్న పిల్ల, పేర్లు రాసిపెట్టుకున్న పిల్ల, ఇంతకంటే ఎవరు కావాలి అన్నారు. రాళ్లకు ఇంకా పన్నెండు రోజులుంది. నేను కామారెడ్డి వెళ్లి పాఠాలు చెప్పాను, పరీక్షపేపర్లు దిద్దాను, రెండు రోజులు అన్నం తినలేదు. ప్రతి దారీ ఆలోచించాను. అబద్ధం చెబితే అనిల నవ్వుతూ కాపురానికి వెళుతుంది, ఆరేళ్ల తర్వాత దాని బిడ్డ మెట్ల మీద తూలుతుంది. తూలకపోవచ్చు కూడా. ఆ 'పోవచ్చు' అనే మాట పట్టుకుని నేను మూడు రాత్రులు వేలాడాను. నిజం చెబితే పెళ్లి కాక ఒంటరిగా మిగిలిన అక్క చెల్లెలి పెళ్లి చెడగొట్టింది అంటారు. అనకపోతే నేనే ఆశ్చర్యపోవాలి.

రాళ్లకు ముందు రోజు మధ్యాహ్నం అనిలను వాగు దగ్గరకు తీసుకుపోయి చెప్పాను. గొర్రె చెవుల ఫోటోలు చూపించాను. పెద్దవ్వ మాటలన్నీ చెప్పాను. అది ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"నీకు ఎవ్వరు చెప్పమన్నరు నాకు?" అంది.

"హైదరాబాద్ పోదాం. ఇద్దరి రక్తం చూపిద్దాం. ఏం లేదంటే నేను నోరు మూసుకుంట."

"రేపు పొద్దుగాల్ల రాళ్లు, ఇప్పుడు రక్తమా? ఆపితే ఎందుకాపిండ్రని గంగమణత్త అడగదా? సంగతి తెలిసినంక ఒప్పుకుంటదా?"

"పిల్లలు పుట్టినంక తెలిస్తే?"

"పిల్లలను కనం. ఒద్దనుకుంటం." అలా అంటూ తల పక్కకు తిప్పుకుంది. రెండు గదులకు సున్నం వేయించి, ఒకటి ఉయ్యాలకని గంగమణి అప్పుడే ఊరందరికీ చెప్పుకుంటున్న సంగతి దానికి నాకంటే బాగా తెలుసు. కాసేపాగి మళ్లీ అంది, ఈసారి మెల్లగా. "అక్కా, నీకు కాలేదని నాకు కూడ కానియ్యవా?"

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఎత్తుకుని పెంచిన చేతులు ఇవే, ఈ మాట ఎక్కడ తగులుతుందో దానికి తెలుసు.

"రేపు నువ్వు తెమురయ్య అంటే, నాకు అక్క లేదనుకుంట," అంది. చెప్పులు చేతపట్టుకుని వాగు దాటి వెళ్లిపోయింది.

తెల్లారింది. మంచు పొరలో పద్నాలుగు రాళ్లు రెండు వరసల్లో కడిగి పెట్టి ఉన్నాయి. పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చారు. తండా నుంచి దేవ్‌సింగ్ డప్పు కాచుకుంటూ మంట పక్కన కూర్చున్నాడు. రాళ్లు పడకపోతే అతను వాయించాలి. అనిల పసుపు చీర కట్టుకుని మా అమ్మ పక్కన నిలబడింది. ప్రవీణ్ దాన్నే చూస్తున్నాడు, అతనికి అది ఏమీ చెప్పలేదని ఆ చూపులోనే తెలిసింది. పెద్దవ్వను మంచంతో సహా మోసుకొచ్చి ఎండపొడ తగిలేచోట పెట్టారు. భూదేవి ఆశ్రితను వీపున వేసుకొచ్చి ఒక బండమీద కూర్చోబెట్టింది. ఆమె చిన్నకూతురు చిన్ని, నాలుగేళ్లది, పిల్లిలా అందరి కాళ్ల సందుల్లోంచి దూరుతోంది.

నాలుక మీద ఉప్పు వేసుకున్నాను. మొదటి రాయి మీద పాలు పోసి మా నాన్న పేరు చెప్పాను. అవతల ప్రవీణ్ నాన్న పేరు. రెండోది. మూడోది. నా గొంతు నాకే కొత్తగా ఉంది, పాఠం చెప్పే గొంతు కాదది. నాలుగో రాయి మీద పాలు పోసి, "తెమురయ్య" అన్నాను అనిల వైపు. ఎవరూ కదల్లేదు, ఆ పేరు అందరికీ తెలిసిందే.

రెండో వరసకు తిరిగాను. అల్పరయ్య అనే మాట నోట్లోకి వచ్చి సిద్ధంగా ఉంది. ఎంత తేలికైన మాటో! ఆ మాట అంటే డప్పు మోగుతుంది, మా అమ్మ ఏడుస్తుంది సంతోషంతో, అనిల నాతో మాట్లాడుతుంది. తల ఎత్తి దాన్ని చూశాను. అది కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తోంది. పుట్టిన మూడో రోజున నా ఒళ్లో పెట్టినప్పుడు కూడా అలాగే కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది. నాకు దాని బిడ్డ కనబడింది. గోడకు ఆనుకుని కూర్చున్న బిడ్డ.

"తెమురయ్య," అన్నాను.

ఎడమకాలితో రాయిని తన్నాను. అది దొర్లి మట్టిలో బోర్లా పడింది. రెండోదాన్నీ తన్నాను.

మొదట గంగమణి అరిచింది. "అల్పరయ్య! మా నాలుగో ఆత అల్పరయ్య! పెద్దవ్వ ఎప్పుడు గట్లనే చెప్పింది!" అని. అనిల అరవలేదు. పసుపు కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ప్రవీణ్ దాని వెనక పరుగెత్తాడు. మగవాళ్లు నామీదికి వచ్చారు. తన పెళ్లి కాలేదని చెల్లె పెళ్లి చెడగొడుతుందని ఎవరో అననే అన్నారు. నేను ఫోన్ తీసి గొర్రె చెవులు చూపించాను. ఒకరి తర్వాత ఒకరు చూశారు. పెద్దవ్వను అడిగారు. ఆమె మంచం మీద లేచి కూర్చుని, గొంతులోంచి ఒక్కో మాటే తవ్వి తీస్తున్నట్టు, "పోరి చెప్పిందే నిజం. నేను మార్చిన," అంది.

అరుపులు ఆగిపోయాయి. నేను అనిల కోసం భయపడ్డాను గానీ, ఆ తర్వాత జరగబోయేది ఆలోచించలేదు. ఒక పేరు మార్చిన మనిషి ఒక్కటే మార్చి ఉంటుందా? ఆ ప్రశ్న మగవాళ్లకు ఇంకా తట్టలేదు. ఆడవాళ్లకు తట్టింది. ఎవరికి వాళ్లు లెక్క వేసుకుంటున్నారు, తమ పెళ్లి ఏ ఏట జరిగింది, రాళ్ల మధ్య నడిచింది ఎవరు అని. సున్నం పూసిన ఇళ్ల ముందు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

గుంపులోంచి భూదేవి నా దగ్గరకు వచ్చింది. బండమీద ఆశ్రిత మమ్మల్నే చూస్తోంది.

"అక్కా," అంది. "మాది?"

"ఇప్పుడొద్దు భూదేవీ. ఇంటికి పోదాం."

"అడుగుతున్న గదా. నాలిక మీద ఉప్పు ఉండంగనే చెప్పు. మా ఇద్దరిది కలిసిందా?"

అబద్ధం ఆడడానికి అక్కడ నాకు ఇంక పేరు మిగల్లేదు. "కలిసింది," అన్నాను. "మూడో ఆత."

ఆమె తిరిగి ఆశ్రిత వైపు చూసింది. చేతులు రెండూ కడుపుకు ఆనించుకుని అలాగే నిలబడింది. అప్పుడు పడ్డ రాళ్ల మీదుగా చిన్ని కేరింతలు కొడుతూ పరుగెత్తుకొచ్చింది. భూదేవి ఒక్కసారిగా దాని వెంటపడింది.

"ఉరకకు బిడ్డా! నడువు! ఉరకకు!" అని అరిచింది.

పిల్ల అది ఆట అనుకుంది. నవ్వుకుంటూ ఇంకా జోరుగా ఉరికింది.